సర్వే తర్వాత పాత బోటు బేరం: ధర తగ్గించమనాలా, మరమ్మతు చేయించమనాలా, వదిలేయాలా?

పాత బోటుకు మొదట కుదిరిన ధర వెనక ఒక నమ్మకం ఉంటుంది: పైకి ఎలా కనిపిస్తోందో లోపలా అలాగే ఉంటుందని. కొనేముందు సర్వేయర్ అనే నిపుణుడితో బోటును పరీక్ష చేయిస్తారు, ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో ఆ సర్వే రిపోర్టు చెబుతుంది. అందుకే రిపోర్టు వచ్చాక మళ్లీ ధర మాట్లాడటంలో తప్పేమీ లేదు, మొహమాటపడాల్సిన పని అసలే లేదు. కొనుగోలు ఒప్పందంలో సర్వేకు లోబడి అనే షరతు పెట్టుకునేదే అందుకు.

కానీ రిపోర్టు చూడగానే కొందరు హడలిపోయి మంచి బోటును వదులుకుంటారు. ఇంకొందరు రాసి ఉన్న ప్రతి లోపానికీ ఒక రేటు కట్టి, ఆ చిట్టా మొత్తం అమ్మేవారి ముందు పెట్టి, కుదిరిన బేరాన్ని చెడగొట్టుకుంటారు. సర్వేయర్ పనే లోపాలు రాయడం. 20 ఏళ్ల బోటు మీద ఒక్క లోపమూ లేదని రిపోర్టు వస్తే అనుమానించాల్సింది ఆ సర్వేయర్‌నే.

రిపోర్టు చేతిలో పెట్టుకున్నాక మీకు నాలుగు దారులున్నాయి: ధర తగ్గించమనడం, అమ్మేవారితోనే మరమ్మతు చేయించడం, కొంత సొమ్ము మధ్యవర్తి దగ్గర ఆపి ఉంచడం, బేరం వదులుకోవడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువసార్లు ధర తగ్గింపే మేలు. కాకపోతే అది తప్పు ఎంపిక అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, అవేమిటో తెలియకపోతే బాగా నష్టపోతారు.

తెలిసిన లోపం, కొత్తగా బయటపడిన లోపం

తెరచాపలు సాగిపోయి ఉన్నాయని బోటు చూడటానికి వెళ్లిన రోజే మీకు తెలుసు. కుషన్లు చిరిగి ఉన్నాయి, రేడియో పాతది, రంగు వెలిసింది. ఇవన్నీ చూసే మీరు ధర చెప్పారు. వాటినే సర్వేయర్ రాశాడని మళ్లీ తగ్గించమంటే అమ్మేవారికి కోపం రావడం సహజం. అసలు అడగాల్సిన వాటి మీద కూడా అప్పుడు ఆయన చెవి పెట్టరు. ఈ కుప్పను పక్కన పెట్టేయండి.

వయసుతో అరిగిపోయేవి మధ్యరకం. మాస్ట్‌ను, అంటే తెరచాపలు కట్టే నిలువు స్తంభాన్ని, పట్టి నిలబెట్టే స్టీలు తీగల సంగతి చూడండి. అవి 10 నుంచి 15 ఏళ్లు దాటితే మార్చమని చాలా బీమా కంపెనీలు పట్టుబడతాయి. ప్రకటనలో ఆ తీగల వయసు ఉన్నదున్నట్టు రాసి ఉంటే, ఆ లెక్క ధరలో కొంత కలిసే ఉంది. పైగా పాతవి తీసి కొత్తవి వేస్తే రాబోయే పదేళ్లు అనుభవించేది మీరు. మొత్తం ఖర్చు అమ్మేవారి మీద వేయడం న్యాయం కాదు. సగం అడిగితే ఆయనా ఆలోచిస్తారు. ఈ మధ్యే మార్చామని ప్రకటనలో రాసి, సర్వేలో అది అబద్ధమని తేలితే మాత్రం మొత్తం అడగండి.

ఇక మూడోది, ఎవరికీ కనబడకుండా దాగి ఉండి సర్వేలో బయటపడినది. మీ బేరం బలమంతా ఇక్కడే ఉంది. బోటు పైతలం, అంటే డెక్, ఉదాహరణ తీసుకుందాం. చాలా ఫైబర్ గ్లాస్ బోట్లలో డెక్ అంటే రెండు పలుచని ఫైబర్ గ్లాస్ పొరలు, మధ్యలో తేలికైన బాల్సా కర్ర లేదా ఫోమ్. అంచున రెయిలింగ్ కడ్డీలు బిగించిన చోట సీలెంట్ ఎండిపోతే స్క్రూల పక్క నుంచి నీళ్లు లోపలికి దిగుతాయి. పైపొర నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద బాల్సా మెత్తబడి కుళ్లుతుంది. సర్వేయర్ చిన్న సుత్తితో తడుతూ పోతాడు. గట్టిగా ఉన్న చోట టక్ టక్‌మని పదునైన శబ్దం వస్తుంది. రెయిలింగ్ దగ్గరికి రాగానే అది దబ్ దబ్‌మని మొద్దుబారుతుంది. శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీతలు కలిపితే అరచేయంత వస్తే అది చిన్న పని. ఒక పక్కంతా ముందు నుంచి వెనక దాకా సాగితే డెక్ కోసి కర్ర మార్చాల్సిందే. సర్వే జరుగుతున్నప్పుడు అక్కడ ఉండి ఆ గీతల ఫొటోలు తీసుకోండి. రిపోర్టులో ఇదంతా 'డెక్‌లో తేమ ఉంది' అనే ఒక్క వాక్యం కింద మిగలొచ్చు. అమ్మేవారితో మాట్లాడేటప్పుడు ఆ వాక్యం కంటే ఫొటోలకే విలువ ఎక్కువ.

ఇలా దాగి ఉండేవన్నీ ఒకే బరువు కావు. ఆస్మోసిస్ అనగానే జనం భయపడతారు. బోటు అడుగున పైపూతలోంచి నీరు నెమ్మదిగా ఇంకి, పుల్లటి వాసన వేసే ద్రవంతో బొబ్బలు తేలడమే అది. దానివల్ల బోటు మునిగిపోవడం అరుదు. చికిత్సకు మాత్రం ఖర్చు బాగా అవుతుంది, ఆరబెట్టడానికే నెలలు పడుతుంది. కాబట్టి ఇది ధర తగ్గించమని అడగాల్సిన విషయం, వెనకడుగు వేయాల్సిన విషయం కాదు. ఇంకో జాగ్రత్త. బోటును అప్పుడే నీళ్లలోంచి పైకెత్తినా, అడుగున రాగి కలిసిన రంగు ఉన్నా తేమ మీటరు ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె ఒక్కదాన్ని పట్టుకుని బేరమాడితే అమ్మేవారి తరఫు వాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

బోటు అడుగున నీళ్లు వచ్చిపోయే రంధ్రాలకు ఉండే సీకాక్ వాల్వుల సంగతి దీనికి పూర్తిగా వేరు. మామూలు ఇత్తడివైతే సముద్రపు నీటిలో వాటిలోని జింకు కరిగిపోయి, గులాబీ రంగు తిరిగి, పెళుసుబారతాయి. మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. విరిగితే మాత్రం బోటే మునుగుతుంది. రేటు చిన్నదని వదిలేయకుండా, కొత్తగా దొరికిన లోపాల చిట్టాలో దీన్ని పైన రాయండి.

కీల్ అంటే బోటు అడుగున కిందికి దిగి బోటును నిలకడగా ఉంచే బరువైన రెక్క. దాని దగ్గర పగుళ్లు, తుప్పు నీటి చారలు, బోటు లోపల కీల్ బోల్టుల చుట్టూ ఊడిన అతుకులు కనిపిస్తే అక్కడ ఆగాలి. 2014 మేలో చీకీ రఫీకీ అనే రేసింగ్ యాట్ అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడి తిరగబడింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. అంతకుముందు బోటు అడుగు నేలకు తగలడం, ఆ తర్వాత చేసిన మరమ్మతులు కలిసి కీల్ అతికే చోటును బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల విచారణ సంస్థ 2015 నివేదికలో చెప్పింది. పైకి చిన్నదిగా అనిపించిన తాకిడి కూడా కనిపించని పెద్ద నష్టం చేయగలదని కూడా హెచ్చరించింది. కీల్ గురించి సర్వేయర్ ఇంకా లోతుగా పరిశీలించాలి అని రాస్తే, అది చూడకముందే ఎంత తగ్గిస్తారని అడగడం మనుషుల ప్రాణాలతో బేరమాడటమే.

బేరానికి ముందు అంచనాలు

సర్వేయర్ లోపం చెబుతాడు. దాన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో ఖచ్చితంగా చెప్పడం సాధారణంగా అతని పని కాదు. ఇంజన్ లోపలి సంగతులు కూడా చాలా సర్వేల్లో పైపైనే ఉంటాయి, దానికి వేరే మెకానిక్‌ను పెట్టుకోవాలి. పెద్ద లోపాలకు బోట్ యార్డు నుంచి రాతపూర్వకంగా అంచనా తెప్పించండి, వీలైతే రెండు చోట్ల నుంచి. నాకు తెలిసినవాళ్లు ఇంతవుతుందన్నారు అనే మాటకు బేరంలో విలువ లేదు.

సముద్రంలో నడిపి చూసినప్పుడు ఇంజన్ గురించి రాసుకున్న అంకెలు కూడా ఇక్కడ పనికొస్తాయి. తయారీదారు నిమిషానికి 3600 చుట్లు అని చెప్పిన డీజిల్ ఇంజన్ పూర్తిగా లాగినా 3000 దాటట్లేదనుకోండి. ప్రొపెల్లర్‌కు నాచు, గవ్వలు పట్టి ఉండొచ్చు. ఎగ్జాస్ట్ మోచేయి, అంటే పొగ బయటికి పోయే వంపు గొట్టం, మసితో పూడుకుపోయి ఉండొచ్చు. లేదా ఇంజనే అరిగిపోయి ఉండొచ్చు. మొదటిది గీకితే పోతుంది, చివరిదానికి ఇంజన్ ధర పెట్టాలి. లక్షణం ఒకటే, బిల్లులకే నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఏదో తేలకుండా ఇంజన్ బాలేదు, ఇంత తగ్గించండి అంటే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారాక మళ్లీ స్టార్ట్ చేసి చూపించమనండి. చల్లని ఇంజన్ ఎలా అందుకుంటుంది, ఏ రంగు పొగ వదులుతుంది అన్నదే అసలు పరీక్ష. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం.

లోపం ఎంత దూరం వ్యాపించిందో తెలియనప్పుడు ధర జోలికి పోకుండా ముందు గడువు పెంచమని అడగండి. ఒక కీల్ బోల్టు తీసి చూడటం, మాస్ట్ తీగలు బోటుకు అతికే పట్టీ ఒకటి విప్పడం, డెక్‌కు లోపలి వైపు నుంచి చిన్న రంధ్రం వేసి కర్ర తడిసిందో లేదో చూడటం లాంటివాటికి అమ్మేవారి అనుమతి కావాలి. విప్పినదాన్ని మళ్లీ బిగించే ఖర్చు మీదేనని ముందే రాసివ్వండి. ఇంత చెప్పినా ససేమిరా అంటే ఆయన జవాబులోనే మీకు కావలసిన సమాచారం కొంత దొరుకుతుంది.

ధర తగ్గింపా, అమ్మేవారి మరమ్మతా?

బోటు అమ్మేసి వెళ్లిపోయే మనిషి చేయించే మరమ్మతు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన చెడ్డవారని కాదు. ఆ బోటు మీద ఇక ఒక్క రూపాయి ఎక్కువ పెట్టడానికి ఎవరికైనా మనసొప్పదు. తక్కువ రేటు చెప్పినవాడికి పని అప్పగిస్తారు, తొందరగా అవగొట్టమంటారు. తడిసిన డెక్‌లోకి నాలుగు రంధ్రాలు వేసి ఎపాక్సీ ఎక్కించి, పైన రంగు పూసి, అయిపోయింది రమ్మంటారు. కుళ్లిన కర్ర అలాగే ఉంటుంది, ఇప్పుడు తట్టినా పాత శబ్దం రాదు. తూతూమంత్రం పని జరిగాక లోపం ఇంకా దొరక్కుండా పోతుంది. అదే డబ్బు మీ చేతిలో ఉంటే యార్డును మీరు ఎంచుకుంటారు, పని మధ్యలో వెళ్లి చూస్తారు, తెరిచాక ఇంకేమైనా కనిపిస్తే అక్కడే నిర్ణయం తీసుకుంటారు. పని మీద గ్యారంటీ కాగితం కూడా మీ పేరనే ఉంటుంది. డెక్, రడ్డర్ (చుక్కాని), అడుగు భాగం, కరెంటు వైరింగ్ లాంటి నాణ్యత తేడాలు దాచగలిగే పనులన్నిటికీ నేనైతే ధర తగ్గింపే అడుగుతాను.

మరమ్మతు అడగడం మేలయ్యేది ఫలితాన్ని ఒక పరీక్షతో తేల్చగలిగినప్పుడు. ఇంజన్ వేడెక్కుతోంది. బాగుచేయించండి, మళ్లీ సముద్రంలోకి తీసుకెళ్లి అరగంట పూర్తి వేగంతో నడుపుదాం, వేడెక్కకపోతే కొంటాను. ఇందులో మోసానికి చోటు తక్కువ. పైగా వేడెక్కడానికి కారణం ఐదు నిమిషాల్లో మార్చే ఇంపెల్లరో (నీటి పంపులోని రబ్బరు చక్రం), ఇంజన్ హెడ్ గాస్కెట్టో తెలియనప్పుడు ఆ రిస్కు అమ్మేవారి దగ్గరే ఉంటుంది. ధర తగ్గించుకుని తీసుకుంటే ఆ రిస్కు మీ నెత్తికొస్తుంది. సెయిల్‌డ్రైవ్, అంటే బోటు అడుగు గుండా కిందికి దిగి ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం, ఉన్న బోట్లలో అడుగున నీళ్లు ఆపే రబ్బరు డయాఫ్రమ్‌ది కూడా ఇదే కథ. ఇంజన్ల తయారీ సంస్థ వోల్వో పెంటా దాన్ని 7 ఏళ్లకోసారి మార్చమంటుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, అధీకృత సర్వీసు వాళ్లతో మార్పించి బిల్లు ఇమ్మనడం సబబే.

అప్పు తీసుకుని కొనేవాళ్లు చాలాసార్లు ఆలస్యంగా గుర్తించే మెలిక ఒకటుంది. ధర తగ్గితే చేతిలో అంత డబ్బు మిగులుతుందనుకుంటారు. బ్యాంకు ధరలో 80 శాతం అప్పిస్తోందనుకుందాం. ధర 10 తగ్గితే అప్పు 8 తగ్గుతుంది, మీ జేబులో మిగిలేది 2. మరమ్మతుకు మాత్రం 10 మొత్తం నగదు కావాలి. దీర్ఘకాలంలో లాభమే, కానీ బోటు కొన్న నెలలోనే యార్డు బిల్లు కట్టలేక బోటు ఒడ్డునే ఉండిపోయే ప్రమాదం ఉంది. నగదు తక్కువగా ఉన్నవాళ్లకు కొన్ని పనులైనా అమ్మేవారే చేయించడం లేదా సొమ్ము ఆపి ఉంచడం నయం. బీమా కంపెనీ రిపోర్టు చూసి, ఈ పనులు పూర్తయితేనే పాలసీ అంటే కూడా ఇదే పరిస్థితి. మరమ్మతు యార్డు మీ రేవుకు దూరంగా ఉంటే అక్కడిదాకా బోటు వెళ్లడానికి కూడా బీమా కావాలి. అందుకే రిపోర్టు రాగానే బీమావాళ్లకు పంపి, వాళ్లు ఏవి తప్పనిసరి అంటున్నారో తెలుసుకున్నాకే అమ్మేవారితో మాట్లాడండి.

రిపోర్టు చివర బోటు మార్కెట్ విలువ ఎంతో రాసి ఉంటే అదీ చూడండి. అది కుదిరిన ధర కంటే తక్కువైతే చాలా బ్యాంకులు ఆ తక్కువ అంకె మీదే అప్పు లెక్కేస్తాయి. బ్యాంకు ఇచ్చేదే ఇంత అని చూపించడం బేరంలో మంచి పట్టు.

సొమ్ము ఆపి ఉంచడం

ధరలో కొంత భాగం బ్రోకర్ లేదా లాయరు ఖాతాలో ఉంచి, ఫలానా పని పూర్తయ్యాక విడుదల చేయడం ఈ పద్ధతి. సీజన్ కాక బోటు ఒడ్డున ఉండి సముద్రంలో నడిపి చూడటం కుదరనప్పుడు, విడిభాగం ఆలస్యంగా వచ్చేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఆపి ఉంచే సొమ్ము మరమ్మతు అంచనాకు కొంచెం పైనే ఉండాలి, ఆఖరి తేదీ ఉండాలి, పని అయిందని ఎవరు తేల్చాలో పేరుతో సహా రాసుకోవాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా తర్వాత తగాదా తప్పదు. చిన్న మొత్తాలకు ఇంత తతంగం అనవసరం.

వదులుకోవడం ఎప్పుడు?

సర్వే ఫీజు, బోటును పైకెత్తిన క్రేను ఖర్చు ఎలాగూ పోయాయి, ఇప్పుడు వెనక్కి వెళ్తే అవన్నీ వృథా అని చాలామంది మనసుకు సర్దిచెప్పుకుంటారు. ఆ డబ్బు ఖర్చు పెట్టిందే ఈ బోటు కొనాలో వద్దో తెలుసుకోవడానికి. వద్దని తెలిస్తే ఆ ఖర్చు తన పని చేసినట్టే.

కీల్, బోటు లోపలి చట్రం, బల్క్‌హెడ్ (బోటు లోపలి అడ్డగోడ) లాంటి చోట్ల నిర్మాణ లోపం ఉండి, ఎంతవరకుందో తేల్చనివ్వకపోతే వదిలేయండి. రెండు యార్డులు ఇచ్చిన అంచనాలకు పొంతనే లేకపోతే, అంటే ఒకరు 5 అని ఇంకొకరు 25 అంటే, సమస్య ఏమిటో ఎవరికీ తెలియదని అర్థం. అప్పుడూ వదిలేయండి. స్టీలు బోటు అయితే అల్ట్రాసౌండ్ కొలతల్లో రేకు చాలాచోట్ల పలచబడిందని తేలినా అంతే, ఒక రేకు అతికిస్తే పక్కది బయటపడుతుంది. కాగితాల్లో లోపం ఉంటే ధరతో దానికి మందు లేదు. పాత అప్పులు, యార్డు బకాయిలు, సిబ్బంది జీతాలు కొన్ని చట్టాల కింద బోటునే పట్టుకుని ఉంటాయి, యజమాని మారినా బోటుతోపాటే వస్తాయి. ఎంత తగ్గించినా ఒప్పుకోకండి, అవి తీర్చి రుజువు చూపించాకే ముందుకు వెళ్లండి.

అడిగే తీరు, ఒక లెక్క

కుదిరిన ధర 100 అనుకుందాం. రిపోర్టులో తేలినవి ఇవి: డెక్ మరమ్మతు 6, సీకాక్‌లు 2, ఎగ్జాస్ట్ మోచేయి 1, మాస్ట్ తీగలు 8, తెరచాపలు 7, లైఫ్ రాఫ్ట్ (ప్రమాదంలో ఎక్కే తెప్ప) సర్వీసు 1. మొత్తం 25. ఇది మొత్తం అడిగితే మిమ్మల్ని అవకాశవాది కింద జమకడతారు. తెరచాపలు చూసే ఒప్పుకున్నారు, తీసేయండి. లైఫ్ రాఫ్ట్ సర్వీసు ఎవరు యజమానైనా చేయించుకునేదే, అదీ తీసేయండి. డెక్, సీకాక్‌లు, మోచేయి కొత్తగా దొరికినవి, 9 మొత్తం అడగండి. తీగల్లో సగం, 4. కలిపి 13, ప్రతిదానికీ అంచనా కాగితంతో. ఇది 10 దగ్గర ఆగితే మంచి బేరమే. 9 కంటే కిందికి మాత్రం దిగకండి, అది మీరు రేపే కట్టాల్సిన నిజమైన ఖర్చు.

ఈ అంకెను ఫోన్లో నోటిమాటగా చెప్పకుండా రాతలో పంపండి. రిపోర్టు మొత్తం పంపనవసరం లేదు. దానికి డబ్బు కట్టింది మీరు. మీరు ఎత్తిచూపిన అంశాల పేజీలు, ఫొటోలు, యార్డు అంచనాలు చాలు. బోటును తిట్టకండి. ఏళ్ల తరబడి దాన్ని ప్రేమగా చూసుకున్న మనిషికి అది గుచ్చుకుంటుంది, మొండికేస్తారు. బోటు నాకు నచ్చింది, కొనాలనే ఉంది, ఈ మూడు విషయాలు ఇద్దరికీ తెలియనివి అని మొదలుపెడితే మాట వినే అవకాశం ఎక్కువ. ఇదే లోపం తర్వాత వచ్చే కొనుగోలుదారు సర్వేయర్‌కూ దొరుకుతుందని ఆయనకు తెలుసు, మీరు బెదిరింపుగా గుర్తు చేయనవసరం లేదు. ఆఖర్న ఒకటి రెండు దగ్గర బేరం ఆగిపోతే బ్రోకర్ వైపు చూడండి. బేరం పోతే కమీషనూ పోతుంది కాబట్టి, అందులోంచి కొంత వదులుకుని ఇద్దరినీ కలిపే బ్రోకర్లు ఉన్నారు. ఎక్కువసార్లు ఆ కమీషన్ ఇచ్చేది అమ్మేవారు కాబట్టి, మీ ఆఖరి అంకె ఎంతో మాత్రం బ్రోకర్‌కు చెప్పకండి.

గడువును తేలిగ్గా తీసుకోవద్దు. బ్రిటన్‌లో వాడే ప్రామాణిక ఒప్పందాల్లో సర్వే పూర్తయ్యాక లోపాలను రాతపూర్వకంగా తెలియజేయడానికి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. అమెరికాలో అంగీకార తేదీ, అంటే బోటు తీసుకుంటారో లేదో కొనేవారు చెప్పాల్సిన తేదీ, ఒకటి రాసుకుంటారు. మీ ఒప్పందంలో ఎంతుందో చూసుకోండి. ఆ తేదీ దాటితే చాలాచోట్ల మామూలుగా కట్టే 10 శాతం అడ్వాన్సు చిక్కుల్లో పడుతుంది. యార్డు అంచనాలు సమయానికి రాకపోతే గడువు పొడిగించినట్టు ఇద్దరి సంతకాలతో ఒక కాగితం తీసుకోండి. కొత్త ధర కుదిరాక దాన్ని కూడా పాత ఒప్పందానికి సవరణగా రాయించండి. అందులో తగ్గిన మొత్తం, ఏ లోపాలకు తగ్గిందో వాటి పేర్లు, అమ్మేవారు చేయించే పనులు ఉంటే వాటి తేదీ, పరీక్ష పద్ధతి, బోటును తిరిగి నీళ్లలోకి దించే ఖర్చు ఎవరిదో ఉండాలి.